నలభయ్యో రోజు

కొడకండ్ల రోడ్డు మీది దీక్ష టెంటుకు మనుషులు వచ్చుడు బందయ్యింది. తెలంగాణ కావాలె అనెటోళ్ళు ఊరంత ఉన్నరు. ఉపాసముండెటోళ్ళే లేరు.

రిలే దీక్ష అంటే పొద్దున తొమ్మిదింటికి ఒకడు దండేసుకోని కూసోవాలె. తెల్లారి తొమ్మిదింటికి నిమ్మరసం తాగి లేవాలె. ఇంకొకడు కూసోవాలె. రోజూ పేపరుల కొత్త పేరు పడాలె. ఆ పేర్ల కాయితం లీడరు గణేశ్ జేబుల ఉండేది.

ముప్పయెనిమిదో రోజు మాన్‌సింగ్ కూసున్నడు. బండరాయి తీరుగ. ఒక్క నినాదం లేదు.

తెల్లారి దేవ్యా. కూసోంగనే మొదలువెట్టిండు.

"మాన్‌సింగ్‌గాడు చేసింది ఉద్యమమా? వానికంటె మా బర్రె నయం, అదన్న అరుస్తది."

దీక్ష దిగిన మాన్‌సింగ్‌కని తండా నుంచి వాని పెండ్లాం కమ్లీ జొన్నరొట్టెలు తెచ్చింది.

"వాడు పోయిండు, నువ్వూ పో," అన్నడు గణేశ్. మాన్‌సింగ్‌కు ఇయ్యాల్సిన నిమ్మరసం తనే తాగిండు. "పారబోస్తమా మరి?"

"ఏడికి పోతడన్నా?" కమ్లీ రొట్టెలు దేవ్యా ముందట పెట్టింది.

దేవ్యా కసిరిండు. "వాని రొట్టెలు నాకెందుకు చూపిస్తవే? జరుగు."

పొద్దుగూకెదాక నినాదాలు ఒర్రిండు.

నలభయ్యో రోజు భిక్షం వంతు. ఇద్దరినీ కలిపి తిట్టిండు. "ఒకడు మూగోడు, ఒకడు ఒర్రుబోతు. దీక్షంటే ఏందో ఇయ్యాల నన్ను చూసి నేర్సుకోండ్రి."

గంట గాలేదు. పక్కకు ఒరిగిండు.

గణేశ్ నవ్విండు. "మాటలు కోటలు దాటె!"

టెంటు కాడనే ఉన్న కమ్లీ గ్లాసుల బెల్లం నీళ్ళు కలిపి భిక్షం నోటికాడ పెట్టింది. గణేశ్ గ్లాసు గుంజుకున్నడు.

"నాలుగింటికి పేపరాయన ఫొటోకు వస్తడు. అప్పటిదాక ఏం ముట్టొద్దు."

"సచ్చిపోతడన్నా."

"ఒక్క పూటకు ఎవడన్న సస్తడా? గింత ఓర్వలేనోడు ఎందుకు కూసోవాలె?"

కమ్లీ ఉరికింది. సెంటర్ల ఉండే ఆర్‌ఎంపీ డాక్టరును చెయ్యి పట్టి గుంజుకొచ్చింది. ఆయన భిక్షం నాడి పట్టి చూసిండు. కనురెప్ప ఎత్తి చూసిండు. మొఖం మాడ్చుకున్నడు.

"ఇతను అన్నం తిని ఎన్నొద్దులైంది?"

"పొద్దున్నే కూసున్నడు సార్," గణేశ్ జేబుల కాయితం తీసిండు. "ఇగో, ఇయ్యాల్టి తారీఖే. చూడుండ్రి."

"ఇయ్యాల్టికి మూడొద్దులు సార్," అన్నది కమ్లీ, "మాన్‌సింగ్, దేవ్యా, భిక్షం ముగ్గురూ నా మొగని ఒక్క ఒంట్లనే ఉంటరు, ఒకని ఆకలి ఇంకొకనికి ఎరుకుండది, గీ గణేశన్నకు మాత్రం మొదటిసంది ఎరుకే."