పెద్రమాన్సాలో చలి

పొరపాటు బయటపడేసరికే హన్మాండ్లు బ్రెజిల్ చేరిపోయాడు.

పోవలసింది జగిత్యాల పక్కన సొంత ఊరికి. కంపెనీవాళ్లు ఇద్దరి కాగితాలు తారుమారు చేశారు. వాళ్ల తెలివి అలా ఏడిచింది! తమ్ముడు రాజేశ్వర్ వెళ్లి కంపెనీ ముదీర్, అదే మేనేజరు, కాళ్లావేళ్లా పడ్డాడు.

"ఇద్దరు వెళ్లాలి, ఇద్దరూ వెళ్లారు. ఖలాస్" అన్నాడు ముదీర్. పైగా ఆ బ్రెజిల్ ఊరి మున్సిపాలిటీ అచ్చువేసిన కరపత్రం ఒకటి చేతిలో పెట్టాడు. "చూసుకో, మంచి ఊరే."

అది 1983. శుక్రవారం సెలవు. రాజేశ్వర్ ఆ ఇంగ్లీషు కాగితం పట్టుకుని షార్జాలో రోలా అనే పేటలో ఉండే టైపిస్టు శాంతరాజు గదికొచ్చాడు. తనకు ఏ చదువూ రాదు మరి.

"ఏం రాసిండ్రు సారూ? అన్న ఎసొంటి తావుల పడ్డడు?"

శాంతరాజు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఊరి పేరు పెద్రమాన్సా. బంగారం కోసం వచ్చినోళ్లు కట్టారంట. బంగారం అయిపోయాక కాఫీ తోటలేశారు. జనం మూడువేల చిల్లర. కింద ఏరు, పైన కొండ, కొండమీద చర్చి. మీ అన్న ఉన్నది ఆ చర్చి వెనకాలే అయ్యుంటుంది."

"నేల?"

"ఎర్రమట్టి."

"మన దిక్కు లెక్కనే!" రాజేశ్వర్ మొహం కాస్త తేటపడింది. "ఇరుగుపొరుగు మంచోల్లేనా?"

"అక్కడ గొడవ చేసేవాళ్లెవరూ ఉండరులే."

"చలి?"

"ఎత్తు ప్రదేశం కదా, ఉంటుంది."

"అన్నకు చలి పడదు సారూ. పోయేనాడు నా రగ్గే కప్పి పంపిన."

శాంతరాజు కరపత్రం మడిచి పక్కన పెట్టాడు.

"ఎట్లన్న జేసి అన్నను వాపస్ తెప్పియ్యాలె. ముదీర్‌కు ఇంకో అర్జీ కొట్టుండ్రి. వదినకైతే ఇంకా చెప్పలే. గీ సంగతి రాయాల్నా, వద్దా?"

"ముందు ఆవిడేం రాసిందో చూద్దాం."

వదిన ఐలవ్వ ఉత్తరం ఆ పొద్దునే వచ్చింది. చదివించుకుందామని రాజేశ్వర్ జేబులోనే ఉంచుకున్నాడు. శాంతరాజు చించి, చదివి, మళ్లీ మడతపెట్టేశాడు.

"రాయొద్దు. అర్జీ కూడా వద్దు."

"అయ్యో, ఎందుకు సారూ?"

మూత విప్పొద్దని కంపెనీ చెప్పిందని విప్పకుండానే, పెట్టెలో ఉన్నది తన మొగుడేననుకుని, ఐలవ్వ కొడుకు చేత ఆ పెద్రమాన్సావాడి శవానికి తలకొరివి పెట్టించేసింది.