కుప్పం ఏ మూల?

"కుప్పం మన జిల్లాలో ఏ మూల ఉంది?" అని మదనపల్లె పోటీలో అడిగారు. కుప్పం నుంచి వచ్చి పుంగనూరులో పదోతరగతి చదివే, పుట్టుకతో చూపులేని మా బీనా లేచి, "ఆగ్నేయం" అంది.

"సొంతూరినే పొయ్యి మూలకు తోసేసిందిరా!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. మొదటి బహుమతి పోయింది.

ఆమె వచ్చే చర్చికి పాస్టరునైన నాకు ఒళ్ళు మండింది. ఆమె చేతిలోని జిల్లా పటం నెలరోజులు కష్టపడి నేను చేసిందే. అట్ట కింద రబ్బరు పరిచి, దర్జీలు గుడ్డ మీద గుర్తుపెట్టే పళ్ళచక్రంతో, వేలికి చుక్కలు తగిలేలా గీశాను. కుప్పాన్ని నైరుతిలోనే పెట్టాను.

బైబిలు పైకెత్తి ఆమె టీచరు విమల మీదికి వెళ్ళాను. "గుడ్డివాళ్ళను దారి తప్పించేవాడు శాపగ్రస్తుడని మోషే ఊరకే అన్నాడా? బిడ్డకు తప్పు నేర్పింది నువ్వే!"

విమల పటాన్ని నా ముందు పెట్టింది. "అరవద్దండి అయ్యగారూ. కండ్లు మూసి తడివి సూడండి."

తడిమాను. చుక్కలు పైకి లేచింది నేను గీసిన వైపు కాదు, వెనకవైపు. అటు తిప్పితే ఎడమ కుడయింది, కుప్పం ఆగ్నేయానికి పోయింది. పటాన్ని అద్దంలో కనబడినట్టు తిరగేసి గీయాలని నాకు తెలియదు.

"మేడం నైరుతనే సెప్పింది," అంది బీనా. "మీరు అబద్ధమాడరని ఆయమ్మతో వారం రోజులు కొట్లాడితిని."

నేను నోరు తెరవబోయాను.

"ఉండండి అయ్యగారూ," అని బీనానే ఆపింది. "మీరు సెప్పే పరలోకాన్నన్నా తాకి సూసినారా?"