కడిగిన గడప

"ఈ కంపన్నా పోవాలె, లేకుంటే మీరన్నా పోవాలె" అంది శంకరవ్వ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

ఆమె ఇంటి ఓనరు. సిరిసిల్లలో ఆ రెండు గదుల్లోకి లక్ష్మీరాజం కుటుంబం అద్దెకు దిగి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె గొంతు పెంచడం ఇదే మొదలు.

"ముసలిదైంది పెద్దమ్మా. తెల్వక ఉచ్చ పోస్తది" అని లక్ష్మీరాజం భార్య నర్మద సర్దిచెప్పబోయింది.

"గందుకే చెప్తున్న. కుక్కను యాడనన్న ఇడిసిపెట్టి రాండ్రి. ఐతారం నాడు మల్ల వస్త."

మూలన గోనెసంచి మీద పడుకున్న టైగర్ తల కూడా ఎత్తలేదు.

కూతురు నవ్యశ్రీ బడిలో చేరిన ఏడు వచ్చిందది. మరమగ్గాల కార్ఖానాలో సాంచెలు నడిపి ఇంటికొస్తూ, దాని వెనక వానలో వణుకుతున్న కూనను లక్ష్మీరాజం చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఇప్పుడు నవ్య ఇంటర్ చదువుతోంది. టైగర్ మూతి నెరిసింది. వాకిట్లోకి పోవడం తగ్గించింది. గోడకు ఒళ్లు రాసుకుంటూ నడిచి, సోఫా పక్కనో మంచం కిందో పోసేది. నర్మద ఒక్కనాడూ విసుక్కోలేదు. గుడ్డ తెచ్చి తుడిచేది. దాని గిన్నె మాత్రం ఎవరు జరిపినా ఊరుకునేది కాదు.

ఆ రాత్రి అన్నం ముందు లక్ష్మీరాజం మెల్లగా అన్నాడు. "కొండగట్టు కాడ ఇడిసిపెట్టొస్త. గుడికొచ్చేటోళ్లు ఏదన్న ఏస్తరు. బతుకుతది."

"అది బతకది."

"ఎందుకు బతకది? ఊర్ల ఎన్ని కుక్కలు బతుకుతలేవు?"

నర్మద అతని కంచంలో కూర వేసింది. "వాసన నేను పోగొడత. కుక్క జోలికి మాత్రం పోకుండ్రి" అంది.

ఇల్లు కడిగి తడి ఆరేదాకా టైగర్‌ను తన తమ్ముడు అంతయ్య ఇంట్లో ఉంచమంది. రెండు వాడల అవతలే. లక్ష్మీరాజం దాన్ని ఎత్తుకుపోయి అప్పగించి వచ్చాడు.

అప్పుడు నర్మద కొంగు బిగించింది.

ఫినాయిలు ఎన్నిసార్లు పోసినా ఒక్కపూట ఆగి కంపు మళ్లీ లేచేది. ఈసారి నవ్య ఫోన్లో చూసి చెప్పింది. "వెనిగర్ నీళ్లు పొయ్యాలెనట అవ్వా. బండల సందుల్లకు ఇంకాలెనట."

తల్లీకూతుళ్లు మోకాళ్ల మీద కూర్చుని, పాత పళ్ల బ్రష్షులతో బండల సందులు తోమారు. నల్లటి మురికి ఊడొచ్చింది. సందుల్లో తెల్ల సిమెంటు నింపారు. సోఫా దిండ్ల మీద తినేసోడా చల్లి, తెల్లారాక దులిపి, డాబా మీద ఎండలో పెట్టారు. గోడ వెంబడి టైగర్ ఒరుసుకున్న జిడ్డుచార సబ్బునీళ్లకు పోయింది. గోనెసంచిని పెంటకుప్పలో పారేసి, కొత్త బొంత పరిచారు. చివరికి గడపను కూడా వదలలేదు. ఉప్పూ నిమ్మకాయా వేసి రుద్ది, పసుపు రాసి, ముగ్గు పెట్టింది నర్మద.

సోఫాను కిటికీ కిందికి జరుపుదామంది నవ్య.

"వద్దు. ఎక్కడిది అక్కడనే ఉండాలె" అంది నర్మద. బండ మీద గీత చూసుకుని మరీ పెట్టించింది.

ఆదివారం పొద్దున్నే ఇల్లు ఆరాలని తలుపు బార్లా తీసి, వాకిలి వైపు వీపు పెట్టి, దిండ్లకు గలీబులు తొడుగుతూ కూర్చుంది. చేతులు పగిలి మండుతున్నాయి, ఒంటికంతా వెనిగర్ వాసన పట్టింది. అయినా మనసు తేలిగ్గా ఉంది.

శంకరవ్వ వచ్చింది. గుమ్మంలో ఆగింది. మంచం కిందికి వంగింది. సోఫా మీద కూర్చుని లేచింది.

"కుక్క ఉన్న ఇల్లనుకుంటరా ఎవలన్న? గిట్లుంటె నాకేం తక్లీబు లేదు. తెచ్చుకోండ్రి మీ కుక్కను."

ఆమె మలుపు తిరగకముందే లక్ష్మీరాజం చెప్పులేసుకున్నాడు. కానీ సందు దాటకుండానే అంతయ్య ఎదురొచ్చాడు, రొప్పుతూ.

"బావా, టైగర్ ఇటొచ్చిందా? పొద్దుగాల తాడు కొరుక్కొని పోయింది."

ఇంటి ఎదుట చాయ్ బండి పెట్టుకున్న ముత్యం పక్కనే ఉండి ఆ మాట విన్నాడు. "వచ్చె గద! గడప మీద మూతి పెట్టింది. ఆ అంచు నుంచి ఈ అంచు దాక వాసన చూసింది. తలుపు తీసే ఉండె, నర్మదక్క లోపల కూసుండే ఉండె. లోపలికి పోతది తియ్యి అనుకున్న. జరసేపు నిలవడి, మెల్లగ మర్లి బైపాసు దిక్కు పోయింది."

"పిలువకపోయినవా!" అన్నాడు లక్ష్మీరాజం.

"పిలిచిన. గీ సాంచెల మోతల నా మాట నాకే ఇనవడది."

నలుగురూ నాలుగు దిక్కులు వెతికారు. మాపటేళ లక్ష్మీరాజం బైపాసు నుంచి నడిచొచ్చాడు. రెండు చేతుల్లో తెల్లగుడ్డ మూట ఉంది. ఏదో లారీ గుద్దిందన్నారు అక్కడివాళ్లు.

కార్ఖానా వెనకే గుంత తవ్వారు. మన్ను పూడ్చాక నవ్య అక్కడే కూలబడింది.

"ఇంటిదాక వచ్చి లోపలికి ఎందుకు రాలే బాపూ?"

లక్ష్మీరాజం పార కింద పెట్టాడు. "అలిగింది బిడ్డా. మనం ఎల్లగొట్టినమనుకున్నది. మీ అవ్వను కండ్లార చూసి గూడ మర్లిపోయిందంటే, ఎంత నొచ్చుకున్నదో."

నర్మద పగిలిన చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

టైగర్‌కు రెండు కళ్లూ పోయి ఏడాది దాటిందని, వాసన పట్టుకునే అది ఇన్నాళ్లూ ఇంట్లోకి వస్తోందని, ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.