రూజా జ్వరం

ఉల్లిపాయల వాసనతో ఇంబ్రో భార్య యాల్జా, గుర్రం కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఇంబ్రో, రూజా కళ్ళు చూశావా? ధారగా కారుతున్నాయి."

ఇంబ్రో మంచం మీంచి దిగ్గున లేచాడు. వారం రోజులుగా అతనికీ ఒళ్ళు కాలిపోతోంది. పిక్కలు పీకేస్తున్నాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా డాక్టరు మాట ఎత్తితే చాలు, గడ్డి ఎత్తే పంగలకర్ర అందుకుంటాడు. నడిచి ఆసుపత్రికి వెళ్ళిన వాళ్ళ నాన్న శవపేటికలో తిరిగొచ్చాడు మరి. కానీ రూజా సంగతి వేరు. ఇంట్లో ఉన్న ఒక్క గుర్రం, నిండు చూలుతో ఉంది.

"పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యవే. ఇంకా నిలబడ్డావేం?"

"ఫోను ఎప్పుడో చేశాను. దారిలో ఉన్నాడు."

కారు దిగినాయన బూట్లకు మచ్చ లేదు. ఆయన కొట్టం గుమ్మంలోనే ఆగి, చెయ్యి బారెడు చాచి, రూజా మెడకు స్టెతస్కోపు ఆనించాడు.

"నాలుక చూపించమ్మా," అన్నాడు.

మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాడు ఇంబ్రో.

రూజా తుమ్మింది. ఆయన వెనక్కి గెంతి యాల్జా కాలు తొక్కాడు.

"ఎలుక జ్వరంలా ఉంది," అన్నాడు అక్కణ్ణించే. "సావా నది పొంగి మేత బీళ్ళు మునిగాయి కదా, ఎలుకల మూత్రమంతా ఆ నీళ్ళలోనే. గుర్రాలకూ వస్తుంది, మనుషులకూ వస్తుంది. చూలు నిలవకపోవచ్చు."

ఇంబ్రో రూజా పొట్ట మీద చెయ్యి వేశాడు. "మందు వెయ్యండి మరి."

"ముందు దీన్ని చూసుకునే మనిషికి వెయ్యాలి. మీకు తగ్గనిదే దీనికి తగ్గదు. చొక్కా చెయ్యి పైకి లాగండి."

"నాకెందుకయ్యా సూది?"

"పిల్ల బతకాలా, వద్దా?" అంది యాల్జా.

ఇంబ్రో చెయ్యి చాచాడు. రక్తం తీస్తుంటే కళ్ళు మూసుకున్నాడు. సూది గుచ్చితే బూతు తిట్టాడు. ఒక్క పూట మాత్ర మానినా చూలు పోతుందనేసరికి, మొదటిది అక్కడికక్కడే నీళ్ళు లేకుండా మింగేశాడు. రూజాకు మాత్రం పూటకో చక్కెర ముక్క చాలన్నాడాయన.

"నీకోసమేనే," అన్నాడు ఇంబ్రో, రూజా మెడ నిమురుతూ.

యాల్జా డాక్టరుగారిని గేటు దాకా సాగనంపి, ప్లమ్ సారా సీసా చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

ఆయన చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"ఈసారి మీ ఆయనకు జ్వరమొస్తే కోడికి బాగాలేదని చెప్పండమ్మా, నేను మనుషుల డాక్టర్ని, గుర్రాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం."