హోజాగారి బడికి మంచిరోజులు

సుల్తానుగారి రాజ్యం ఒక్కో అంచూ ఊడిపోతున్న రోజుల్లో, ఇజ్మీర్ పెద్దమనుషులకు హఠాత్తుగా తుర్కీ భాష మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఫ్రెంచి పాదిరీల బళ్ళు ఊరిని మింగేస్తున్నాయని ముఫీద్ బే మేడలో సభ పెట్టారు. వచ్చినవాళ్ళంతా ఆ బళ్ళలో చదివినవాళ్ళే. వాళ్ళ పిల్లలూ అక్కడే.

ఒక మూల, కుర్చీ అంచున జుహ్దీ హోజా కూర్చున్నాడు. మసీదు పక్కన తుర్కీ బడి నడిపే ముసలి పంతులు. కలిగినవాళ్ళ పిల్లలంతా పాదిరీల దగ్గరికి పోగా, ఆయనకు మిగిలింది గుప్పెడు మంది. పెద్దలు పూనుకుంటే బడి నిలబడుతుంది, లేదంటే చలికాలంలోపు తాళమే. వాళ్ళే కబురు పెట్టారని ఉతికిన తలపాగా చుట్టుకుని మరీ వచ్చాడు పాపం.

ముఫీద్ బే బల్ల గుద్దాడు.

"మావాడు నిద్రలో కలవరించేది కూడా ఫ్రెంచిలోనే. సిగ్గుచేటు కాదూ?"

"అయితే ఆ బడి మానిపించెయ్యరాదూ?" అన్నాడు సుంకాల అధికారి షెకిబ్ బే.

"ముందు మీవాణ్ణి మానిపించండి, చూద్దాం."

"మానిపిస్తే రేపు వాడికి ఉద్యోగం మీరిస్తారా ఏంటి?"

అందరూ పగలబడి నవ్వారు. హోజా కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

కాఫీలొచ్చాయి. కాఫీతో పాటు ఆవేశమూ వచ్చింది. తాతలనాటి భాష కళ్ళముందే చచ్చిపోతోందని ఒకాయన కంటతడి పెట్టుకున్నాడు. ఇంకొకాయన గొంతు చించుకున్నాడు. ఇంత చేసీ పిల్లల్ని హోజా బడిలో చేరుస్తానని ఒక్కడూ నోరు జారలేదు.

చివరికి షెకిబ్ బేకే ఉపాయం తట్టింది.

"తుర్కీ బాగా రావాలంటే క్రమశిక్షణ కావాలి. అది పాదిరీల దగ్గరే ఉంది. హోజా బడి స్థలం వాళ్ళకిచ్చేద్దాం. బదులుగా వారానికో గంట తుర్కీ చెప్పమందాం."

"భేష్. భాషా బతుకుతుంది, మన పిల్లలూ కదలక్కర్లేదు. మరి జుహ్దీ హోజా ఏమంటారో?" అన్నాడు ముఫీద్ బే.

తన పేరు వినబడగానే హోజా లేచి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని వంగాడు.

"అల్లా తమరిని చల్లగా చూడాలి," అన్నాడు.

"చూశారా, ఎంత పెద్ద మనసో. పేచీ పెడతాడేమోనని నేను హడలి చచ్చాను," అన్నాడు షెకిబ్ బే, పక్కాయనతో.

చప్పట్లు మోగాయి. మాతృభాష కోసం ఇంత త్యాగం ఎక్కడా చూడలేదన్నారు. హోజా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది కొలువుదీరి తనకోసం చప్పట్లు కొట్టడం ఆ ముసలాయన జన్మలో ఎరగడు.

అందరూ లేచారు. హోజా బెరుగ్గా ముఫీద్ బే దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"బేగారూ, తప్పుగా అనుకోకండి, ఇంతసేపూ తమరంతా ఆ ఫ్రెంచిలోనే మాట్లాడుకున్నారు, నా బడి సంగతి ఏం తేల్చారో కాస్త తుర్కీలో చెబుతారా?"