లైను సరిగా లేదు

"సీటు ఒక్కటే ఉంది. రేపు పొద్దున ఫ్లైటు. మీ పాయింట్లు సరిపోతాయి. ఆపి ఉంచుతున్నా."

ఫోన్‌లో ఆడగొంతు కరుగ్గా ఉంది.

రంగుల షాపులో డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని, ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది వదిన. వెనకాల మరిది రంగు కలిపే మెషీను ఆడిస్తున్నాడు.

దేశం కాని దేశంలో ఆవిడకి ఒక్కగానొక్క చెల్లెలు. ఎల్లుండి గుండె ఆపరేషన్. పక్కన నా అన్నవాళ్ళు లేరు.

"నువ్వొచ్చి కూర్చో అక్కా. నాకు భయమేస్తోంది," అంది నిన్న ఫోన్‌లో. అప్పట్నుంచీ వదిన టికెట్ వేటలోనే ఉంది.

టికెట్ ధర అడిగితే కళ్ళు బైర్లు కమ్మాయి. షాపులో సగం సరుకు అమ్మినా చాలదు. ఇక మిగిలిందల్లా వాళ్ళాయన క్రెడిట్ కార్డు మీద పోగైన పాయింట్లే.

ఆయన్ని చుట్టాలంతా పాయింట్ల బాబాయి అనేవాళ్ళు. ఎవరు ఫ్రిజ్ కొన్నా, ఎవరింట్లో పెళ్ళయినా, "ఆగండాగండి, నా కార్డు గీకుతా, డబ్బులు నాకిచ్చెయ్యండి" అని అడ్డం పడేవాడు.

"మిక్సీలకీ కూపన్లకీ తగలేస్తే సగం విలువ కూడా రాదే పిచ్చిదానా. విమానం మైళ్ళుగా మార్చుకోవాలి, అదీ కిటుకు. నిన్ను మీ చెల్లెలి దగ్గరికి పైసా ఖర్చు లేకుండా తీసుకెళ్ళకపోతే అప్పుడడుగు," అనేవాడు.

పోయిన నెల ఉన్నట్టుండి తనే వెళ్ళిపోయాడు.

"ఆయన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. నొక్కండి," అంది కరుకు గొంతు.

"నొక్కుతానమ్మా. ముందు మీకో సంగతి చెప్పాలి. మా ఆయన పోయిన నెల..."

"లైను సరిగా లేదు."

కట్.

తన మెషీను గోలకే వినపడలేదేమో అనుకుని మరిది దాన్ని ఆపేశాడు.

ఫోన్ మోగింది. నంబరు వేరు. గొంతు అదే.

"కాల్ కట్టయింది. సీటు ఇంకా ఆపే ఉంచా. ఓటీపీ నొక్కితే టికెట్ మీ పేరు మీద వచ్చేస్తుంది. వచ్చాక ఇక దాన్నెవరూ ముట్టుకోలేరు."

వదినకి ప్రాణం లేచొచ్చింది. కానీ మనసు ఊరుకోలేదు. ఎదుటివాళ్ళకి చెప్పకుండా ఏ పనీ చెయ్యలేని మనిషి ఆవిడ.

"అది కాదమ్మా, మీకు తెలియాలి కదా. కార్డేమో ఆయనది. ఆయన ఇప్పుడు..."

"బయటికెళ్ళారు, అంతేగా? సరే. చూడండి, ఇక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది. అడిగినదానికే జవాబు చెప్పండి."

"బయటికి కాదమ్మా. అసలు ఆయనే..."

"లైను సరిగా లేదు."

కట్.

షాపులో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. లైనుకేమొచ్చింది?

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా మొగుడు పోయాడన్న మాట వినే ఓపిక కూడా లేదటయ్యా మనుషులకి?"

మరిదికి ఒళ్ళు మండింది.

"బ్యాంకూ కాదు, పాడూ కాదు. కార్డు వెనకున్న నంబరు కాదిది. ఓటీపీ తప్ప ఇంకో ధ్యాస లేదు దానికి. నొక్కావంటే అన్నయ్య పాయింట్లన్నీ ఊడ్చుకుపోతుంది. నొక్కకు వదినా."

మళ్ళీ మోగింది.

"అమ్మా, ఇక నేను ఫోన్ చెయ్యలేను, నా డ్యూటీ అయిపోతోంది. మీరేం మాట్లాడకండి. దయచేసి ఒక్కమాట కూడా వద్దు. ఓటీపీ నొక్కండి, అంతే."

ఈసారి గొంతులో కరుకు లేదు. బతిమాలుతోంది. దొంగలే ఇలా బతిమాలేది అనుకున్నాడు మరిది. ఫోన్ లాక్కుని, "నీ సంగతి ఇప్పుడే తేలుస్తా," అని తనే కట్ చేశాడు.

కార్డు వెనకున్న నంబరుకి చేసి, స్పీకర్ పెట్టి, పైవాళ్ళని పిలవమన్నాడు. ఒక కుర్రాడు లైన్లోకొచ్చాడు. తేనెలాంటి గొంతు. మరిది చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆవిడ మా మనిషే సార్, దొంగ కాదు. కానీ కస్టమర్ మాట్లాడుతుంటే కట్ చెయ్యడం పెద్ద తప్పు. మీ ఫిర్యాదు పైకి పంపించాను, చర్య తీసుకుంటారు. ఇప్పుడు మీరు చెప్పండమ్మా. నిదానంగా చెప్పండి."

వదిన చెప్పింది. ఆయన భోజనం చేస్తూ చేస్తూ ఎలా ఒరిగిపోయిందీ, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే ఒళ్ళెలా చల్లబడిందీ, అంతా చెప్పింది. కుర్రాడు ఒక్కసారి కూడా అడ్డురాలేదు. మధ్యమధ్యలో "అయ్యో" అన్నాడు. కీబోర్డు చప్పుడు వినపడుతూనే ఉంది.

వదినకి గుండె బరువు దిగినట్టయింది. మనిషన్నాక ఇలా ఉండాలి అనుకుంది.

"చాలా బాధగా ఉందమ్మా. వివరాలన్నీ ఎక్కించాను."

"ఇక ఓటీపీ నొక్కమంటావా బాబూ?"

"అక్కర్లేదమ్మా. కార్డు ఉన్న మనిషి చనిపోయారని మాకు తెలిస్తే ఆ పాయింట్లు రద్దయిపోతాయి. అది రూలు. సీటు కూడా వదిలేశాం."

వదిన ఫోన్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఎల్లుండే నా చెల్లెలికి ఆపరేషన్ నాయనా. ఎలాగోలా చూడు."

"అర్థమైందమ్మా. మా చెవిన పడకముందైతే వేరు. ఒకసారి విన్నాక ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు."

వదిన మెల్లగా అడిగింది.

"బాబూ, ఇందాకటావిడకి ఈ రూలు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా, ఇక్కడ మా అందరికీ ఈ రూలు నేర్పిందే ఆవిడ."