పదింటి టీ

నాగజ్యోతి భయాలన్నింటిలోకీ పెద్దది, పొద్దున పదింటికి టెహ్రాన్‌లో ఎవరో ఒకరు టీ తాగకుండా ఉండిపోతారేమోనని.

నవ్వొచ్చే భయమే. ఇంటర్ మధ్యలో చదువాగిపోయి, పెళ్లయి ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్ వచ్చిపడ్డ పిల్ల. బిడ్డ రెండుసార్లు తుమ్మితే డాక్టరుకి ఫోన్ చేసే రకం. క్లినిక్‌లో రిసెప్షనిస్టు ఆమె గొంతు వినగానే పేరడగడం కూడా మానేసింది. అలాంటి మనిషికి ఒక దేశపు ఆడవాళ్ల పోరాటంలో ఉద్యోగం దొరికింది.

దొరికింది పిల్లల తల్లుల వెబ్‌సైట్‌లో. కూతురు లాస్యకు పళ్లు రావడం గురించి అడిగితే జవాబిచ్చిన మహ్నాజ్‌ది టెహ్రాన్. ఆడవాళ్లకు అన్యాయం చేసే చట్టాలు మార్చమని ఇంటర్నెట్‌లో రాస్తుంది. ఆమెతో మరో నలుగురు. అలా రాసినవాళ్లను అక్కడ పోలీసులు చెప్పాపెట్టకుండా పట్టుకుపోతారు. అందుకని రోజూ ఇక్కడి టైము పదింటికి ఐదుగురూ ‘టీ తాగాను’ అని రాయాలి. ఎవరైనా రాయకపోతే నాగజ్యోతి ఊరంతా గోల చెయ్యాలి. ఊరంటే నలభై దేశాల్లోని స్నేహితులు.

తనకు ఇంగ్లీషే సరిగా రాదని ఆమె మొత్తుకుంది.

“నీ అంత భయపడేవాళ్లు మాకింకెవరూ దొరకలేదు” అని రాసింది మహ్నాజ్.

నాగజ్యోతి దాన్ని పొగడ్తగానే తీసుకుంది. జన్మకి మొదటి డిగ్రీ.

డ్యూటీకి ఆటంకాల్లేవు. భర్త హర్షవర్ధన్ తొమ్మిదికల్లా బయట తాళం వేసుకుని ఆఫీసుకెళ్లిపోతాడు. తాళంచెవి అతని దగ్గరే. పెళ్లాం చేతికిస్తే పారేస్తుందని అతని నమ్మకం. ఆమె నమ్మకమూ అదే. లాస్య పుట్టినరోజు ఫొటో పంపితే, “మీ దగ్గర ఇష్టమొచ్చిన బట్టలు వేసుకోవచ్చు కదా, జూన్‌లో మెడ దాకా నీకీ స్వెటరేంటి?” అని మహ్నాజ్ అడిగింది. చలిమనిషినని రాసేసింది. ఇంగ్లండులో ఎండన్నా భయమేనని నవ్వించింది కూడా.

2007 జులైలో ఒక మంగళవారం. పదీ ఐదయినా మహ్నాజ్ టీ తాగలేదు. నాగజ్యోతి ఇంకో నిమిషం కూడా ఆగలేదు. పదీ ఆరుకల్లా నలభై దేశాలకు రాసేసింది. అడుగున, శుభలేఖలో వేసినట్టు, తన పూర్తి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరుతో సహా.

పదింపావుకి మహ్నాజ్ వచ్చింది. కరెంటు పోయిందట. నాగజ్యోతికి తల కొట్టేసినట్టయింది. క్షమించమని మూడుసార్లు రాసింది.

“దేనికి? మనిషి కనబడకపోతే గోల చెయ్యడమే కదా మన పని.”

సాయంత్రం ఫోన్ మోగితే హర్షవర్ధన్ ఎత్తాడు. లండన్ నుంచి ఎవరో ఆడమనిషి. మీ ఆవిడ చాలా ధైర్యవంతురాలని పొగిడిందట. అతను నవ్వుతూనే థాంక్యూ చెప్పి పెట్టేశాడు.

“అబ్బో, నీ పేరు లండన్ దాకా పాకిందే. ఎప్పట్నించి నడుస్తోందిదంతా? రా, ఇలా వచ్చి కూర్చో.”

తనను పట్టుకుని ధైర్యవంతురాలనడం నాగజ్యోతికీ నవ్వు తెప్పించింది. లాస్యను లోపల బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

మర్నాడు పదింటికి టెహ్రాన్‌లో ఐదుగురూ వరసగా టీ తాగారు. ఇక భయపడాల్సిందేమీ లేదు.

పదీ ఐదుకి మహ్నాజ్ నలభై దేశాలకు రాసింది: “బేసింగ్‌స్టోక్‌లో మా నాగజ్యోతి ఇవాళ జవాబివ్వలేదు, ఫోనూ ఎత్తడం లేదు, దగ్గర్లో ఎవరున్నా వెంటనే వెళ్లండి, భర్త తలుపు తీసి అంతా బాగుందన్నా సరే, ఆమెను కళ్లారా చూసేదాకా అక్కణ్ణించి కదలకండి.”